పూసిందల్లా నోట్లోకే

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పిల్లికి ఒక ఉద్యోగం ఉంటుంది. పట్టు పడుగు మీద ఎలుక ఒక్క రాత్రి తిరిగిందంటే నేతగాడి వారాల కష్టం తెగిపోతుంది. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే షెడ్లలోనూ అదే భయం. గూడు కట్టబోయే పురుగు దొరికితే ఎలుకకు పండగ. గూళ్లు హిందూపురం మార్కెట్లో అమ్ముడవుతాయి, చీరలు ధర్మవరంలో నేస్తారు, రెండు చోట్లా కాపలా పిల్లిదే. జీతం బత్తెం లేని ఆ కాపలాదారుకు గజ్జి పట్టినప్పుడు మాత్రం మనం చేసే వైద్యమంతా అరువు వైద్యం. గొర్రె మందు కొంత, కుక్క మందు కొంత, మనిషి మందు కొంత, చేలో కొట్టగా మిగిలింది కొంత.

పెనుకొండ ప్రాంతంలో నేను ఎక్కువ కాలం గొర్రెల డాక్టరుగానే బతికాను. మా ఆసుపత్రుల బీరువాలు, సిరంజీలు, మా చేతివాటం, అన్నీ గొర్రె, ఎద్దు, బర్రె కొలతకు తయారైనవే. ఉమ్మడి అనంతపురం జిల్లా గొర్రెల జిల్లా కదా. పిల్లిని తెచ్చేవాళ్లు సంచిలో దాచి తెచ్చేవాళ్లు. వరసలో గొర్రెల కాపర్లందరినీ ముందుకు పోనిచ్చి, చివరికి మెల్లగా మొదలుపెట్టేవాళ్లు: "నవ్వద్దు సార్, పిల్లిని తెచ్చినాం." నేను నవ్వేవాణ్ని కాదు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే అడిగేవాణ్ని, "ఇప్పటిదాకా ఏం పూసినారమ్మా?" అని. రోగం కంటే ఆ జవాబే నన్ను ఎక్కువ భయపెట్టేది.

ఎందుకంటే పిల్లి ఒంటికి పూసిందల్లా పిల్లి నోట్లోకే పోతుంది. మేలుకున్నప్పుడు అది పదే పదే ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది. పైపూత అనుకుని మనం రాసేది దాని లెక్కలో తాగే మందు. దానికి తోడు పిల్లి కాలేయం ఒక విషయంలో బలహీనం. కొన్ని రకాల రసాయనాలను విరిచి బయటికి పంపే ఒక ఎంజైముకు సంబంధించిన జన్యువు పిల్లి జాతిలో ఎప్పుడో పనిచేయడం మానేసింది. తరతరాలుగా మాంసమే తిని బతికిన జంతువుకు ఆకుల్లోని విషాలను విరగ్గొట్టే అవసరం రాలేదని, అందుకే అది మూలపడిందని శాస్త్రజ్ఞులు అంటారు. కారణం ఏదైనా ఫలితం ఇదీ: కుక్కకు జ్వరం తగ్గిస్తుందో లేదో గానీ, ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. కుక్క మెడ మీద నెలకోసారి వేసే కొన్ని గోమార్ల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క హాయిగా తిరుగుతుంది, అదే చుక్క పడిన పిల్లి గంటల్లో వణకడం మొదలుపెడుతుంది. చెవులు అదురుతాయి, సొంగ కారుతుంది, ఆపైన మూర్ఛ. పశువుల పిడుదులకు నీళ్లలో కలిపి కొట్టే డెల్టామెత్రిన్, బొద్దింకలకు గీసే చాక్‌పీసు పొడి కూడా ఆ కుటుంబానివే. అలాంటిది పడిందని తెలిస్తే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి వెంటనే కడిగి, తుడిచి, వెచ్చగా గుడ్డలో చుట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. పాలు పట్టిస్తూ కూర్చోకూడదు.

పుండుకు పురుగులు పడితే గొర్రెకు టర్పెంటైన్ నూనె పోయడం మా ప్రాంతంలో కాపరి పిల్లవాడికి కూడా తెలుసు. పిల్లికి అది పనికిరాదు. చర్మం కాలుతుంది, నాకితే లోపలంతా కాలుతుంది. ధర్మవరంలో ఇంకొకటి చూశాను. చీరల బీరువాలో వేసే కలరా ఉండలను నలిపి పిల్లి వెంట్రుకల్లో చల్లడం. నాఫ్తలీన్ పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోయి, రెండు రోజులు మూల పడుకుని అది పోతే, గజ్జి ముదిరి పోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

ఇక చూడటం సంగతి. హిందూపురం పట్టు రైతుకు చర్మం చదవడం నేర్పాల్సిన పని లేదు. పట్టుపురుగు ఒంటి మీద చిన్న నల్లమచ్చ కనిపిస్తే ఊజీ ఈగ గుడ్డు పెట్టిందని, లోపల దాని పిల్ల తింటోందని అతను దూరం నుంచే చెబుతాడు. ఆ ఈగ రాకుండా షెడ్డు చుట్టూ వల కడతాడు. అదే కన్ను పిల్లి మీద పడితే సగం వైద్యం అయిపోయినట్టే. మచ్చ ఎలా ఉందన్నదాని కంటే ఎక్కడ మొదలైందన్నది ముఖ్యం.

చెవి అంచున మొదలై, నుదుటి మీదికి పాకి, మెడ దాకా బూడిదరంగు పొక్కు గట్టిపడితే అది అసలైన పిల్లి గజ్జి. నోటోయెడ్రస్ అనే కంటికి కనిపించని పురుగు చర్మంలో సొరంగాలు తవ్వడం వల్ల వస్తుంది. దురద భరించలేక పిల్లి రక్తం వచ్చేలా గోక్కుంటుంది, తిండి మానేసి చిక్కిపోతుంది. ఒళ్లో పెట్టుకున్న మనిషికి కూడా చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి పొక్కులు వస్తాయి. కానీ మన చర్మంలో ఆ పురుగు కాపురం ఉండలేదు, పిల్లికి నయమైతే మనకూ పోతుంది. చెవి అంచు శుభ్రంగా ఉండి, లోపల మాత్రం నల్లటి పొడి గులిమి నిండి, తల విదిలిస్తుంటే అది వేరే పురుగు, చెవిలోనే ఉండేది. గులిమిని నల్ల కాగితం మీద రాల్చి భూతద్దంతో చూస్తే తెల్లటి చుక్కలు కదులుతాయి. వీపు కింది భాగంలో, తోక మొదట్లో వేలికి తగిలే సన్నటి పొక్కులు ఉంటే ఫ్లీలను, అంటే ఆ గెంతే పురుగులను, అనుమానించాలి. పొట్ట నున్నగా గొరిగినట్టు ఉంటే వెంట్రుకలు వాటంతట అవి రాలిపోయాయని చెబుతారు. చాలాసార్లు రాలలేదు, పిల్లే నాకి నాకి తీసేసింది. దురద ఉందని అర్థం.

ఫ్లీ ఒకటి కూడా కనిపించలేదని వాదించేవాళ్లకు ఒక పరీక్ష చెబుతాను. పేల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, వచ్చిన నల్లటి నలుసును తడిపిన తెల్లగుడ్డ మీద దులపండి. మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. ఫ్లీ పెంట అయితే చుట్టూ ఎర్రగా దిగుతుంది, అది పిల్లి రక్తమే కాబట్టి.

ధర్మవరం గుంట మగ్గం దగ్గర ఈ ఫ్లీ కథను మొత్తం చదువుకోవచ్చు. ఆడ ఫ్లీ రోజుకు 40, 50 గుడ్ల దాకా పెడుతుంది. గుడ్లు పిల్లి మీద అంటుకుని ఉండవు, అది పడుకున్నచోట రాలిపోతాయి. నేతగాడు కాళ్లు దించే గుంట చల్లగా, చీకటిగా, కాస్త చెమ్మగా ఉంటుంది. అడుగున నూలు పీచు, దుమ్ము. మధ్యాహ్నం మగ్గం ఆగితే పిల్లి పడుకునేది అక్కడే. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు వెలుతురుకు దూరంగా పీచులోకి దూరి, పెద్ద ఫ్లీలు రాల్చిన ఎండు రక్తం తిని, చుట్టూ గూడు అల్లుకుంటుంది. అవును, ఇదీ గూడే అల్లుతుంది, పట్టుపురుగు లాగే, పట్టు దారంతోనే. ఆ గూటిలో నెలల తరబడి కదలకుండా ఉండగలదు. బయట వేడి తగిలినా, ఊపిరి గాలి సోకినా, నేల అదిరినా, తిండి వచ్చిందని తెలుసుకుని బయటికి దూకుతుంది. నేతగాడు గుంటలో కాళ్లు దించి పావుకోళ్లు తొక్కడం కంటే మంచి అదురు దానికి ఎక్కడ దొరుకుతుంది? చీలమండల మీద వరసగా ఎర్రటి దద్దుర్లు చూపించి "నీళ్లు పడలేదు సార్" అన్న నేతన్నలకు నేను చెప్పేది పిల్లిని చూపించమనే. ఇంట్లో ఉన్న ఫ్లీ సంతానం మొత్తంలో పిల్లి మీద కనిపించే పెద్దవి 5 శాతం మాత్రమే అంటారు. మిగతాదంతా గుంటలో, చాప కింద, గోనెసంచుల్లో.

అనంతపురం ఎండ ఇక్కడ మన పక్షం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. గాలిలో తేమ సగం కంటే తగ్గితే ఫ్లీ పిల్లలు ఎండిపోయి చస్తాయి. అందుకే నడివేసవిలో బాధ తక్కువ, సెప్టెంబరు, అక్టోబరు వానల తర్వాత ఒక్కసారిగా ఎక్కువ. గుంటలో పీచు ఊడ్చి దూరంగా కాల్చేయడం, పిల్లి పడుకునే గోనెపట్టాను వేడినీళ్లలో ఉడికించి ఎర్రటి ఎండలో వేయడం, వారం వారం ఇలా చేయడం. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరికీ దీని మీద గురి ఉండదు. "స్ప్రే ఏదైనా రాయండి" అంటారు.

స్ప్రే సంగతి హిందూపురం వైపు ఇంకా ఇరకాటం. ఫ్లీలను చంపే మందు పట్టుపురుగును కూడా చంపుతుంది, అదీ చాలా తక్కువ మోతాదులో. కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉన్న ప్రాంతం ఇది, మల్బరీకి మందు కొడితే ఎన్నాళ్లు ఆకు కోయకూడదో రైతులకు నోటికి వచ్చు. కానీ పిల్లికి ఫ్లీ పట్టిందని ఇంటి గోడలకు పైరిత్రాయిడ్ కొట్టి, ఆ చేతులతోనే పక్క షెడ్డులో నాలుగో జ్వరం (పొర విడవడం) దాటిన పురుగులకు ఆకు వేస్తే, పంట రాత్రికి రాత్రి వాంతులు చేసుకుని పడిపోతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు. మెడ వెనక మందు చుక్క వేసిన పిల్లిని కూడా ఆ పంట గూడు కట్టేదాకా షెడ్డులోకి రానివ్వకపోవడం మేలు. రెండోవైపు, షెడ్డులో చల్లే బ్లీచింగ్ పొడి, సున్నం పిల్లి పాదాలకు అంటి, నాలుకకు చేరి, నోరు పూస్తుంది. అది గజ్జి కాదు, మందు పూస్తే తగ్గదు.

మందు కావాల్సినప్పుడు వేయాల్సిందే. పిల్లి గజ్జికి మా బీరువాలో ఎప్పుడూ ఉండేది ఐవర్‌మెక్టిన్. జపాన్‌లో ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు. దాని వెనకున్న సతోషి ఒమురా, విలియం కాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ ఇచ్చారు. గొప్ప మందే, కానీ లెక్క చూడండి. కిలోకు 0.2 మిల్లీగ్రాములు వేస్తే 30 కిలోల గొర్రెకు 1 శాతం సూదిమందు 0.6 మిల్లీలీటర్లు. 3 కిలోల పిల్లికి 0.06. మామూలు 2 మిల్లీలీటర్ల సిరంజి మీద ఒక చిన్న గీత అంటే 0.1, పిల్లి మోతాదు ఆ మొదటి గీతను కూడా చేరదు. గొర్రెలకు సూది వేసే అలవాటున్న కాపరి "ఒక చుక్కే కదా" అని వేసే చుక్క పది రెట్లు అయ్యేది ఇక్కడే. పిల్లి తూలుతుంది, చూపు పోతుంది, కొన్ని తిరిగి లేవవు. మందుల దుకాణంలో దొరుకుతుంది కదా అని ఇది ఇంట్లో చేసే పని కాదు. సెలామెక్టిన్ చుక్కలు ఖరీదు ఎక్కువ, ఎప్పుడూ దొరకవు కూడా, కానీ నాలుక అందని మెడ వెనక, వెంట్రుకలు విడదీసి చర్మం మీద వేస్తారు. ఫ్లీ, చెవి పురుగు, గజ్జి మూడింటికీ పనిచేస్తుంది. దొరికితే నా ఓటు దానికే.

తామర గురించి త్వరగా చెప్పేస్తాను. పురుగు కాదు, బూజు. పిల్లికూనల ముక్కు మీద, చెవుల మీద, పాదాల మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడతాయి. చాలాసార్లు దురద ఉండదు. వారం తిరిగేసరికి ఇంట్లో పిల్లల చేతుల మీద వలయాలు లేస్తాయి. మనం మందుల దుకాణంలో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీములు మనుషుల తామరనే మొండి చేశాయి. వాటిని పిల్లికి పూయడం రెండు తప్పులు ఒకేసారి. సాలిసిలిక్ యాసిడ్, బెంజోయిక్ యాసిడ్ ఉండే పాత తామర లేపనాలు ఇంకా ప్రమాదం. దీనికి డాక్టరు లోపలికి ఇచ్చే మందు వారాల తరబడి కావాలి, రాలిన వెంట్రుకలు రోజూ ఊడ్చి పారేయాలి. ఆ వెంట్రుకల్లో బూజు ఏడాది పైగా బతికి ఉండగలదు.

2022లో ఆవులకు లంపీ చర్మవ్యాధి వచ్చినప్పుడు, పిల్లి బుగ్గ మీద గడ్డ చూపించి అదేనా అని కొందరు వణికిపోయారు. పిల్లికి అది రాదు. గండుపిల్లులు రాత్రి కొట్లాడుకుంటే పన్ను దిగినచోట రెండు రోజుల్లో చీముగడ్డ లేస్తుంది, పగిలి వెంట్రుకలు ఊడతాయి. పెనుకొండలో బాబయ్య దర్గా వైపు తిరిగే ఒక తెల్లపిల్లి చెవి కొన మీద పొక్కు కూడా గజ్జి అనే అన్నారందరూ. దురద లేదు, మానడం లేదు. తెల్ల చెవులకు ఏళ్ల తరబడి ఎండ తగిలితే క్యాన్సర్ వస్తుంది. ముందే చూస్తే చెవి కొన కోసేసి ప్రాణం నిలబెట్టొచ్చు. అలాంటివాటికి హిందూపురం వాళ్లకు బెంగళూరు హెబ్బాళ వెటర్నరీ కాలేజీ దగ్గర.

నన్ను ఇప్పటికీ విసిగించేది ఒక్కటి. ఫ్లీ మందు మొదటి నెల వేయించడానికి వస్తారు, గోకుడు ఎక్కువగా ఉంటుంది కాబట్టి. రెండో నెల కొందరు వస్తారు. మూడో నెల ఎవరూ రారు, పిల్లి నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి. గుంటలో గూళ్లు అల్లుకున్నవి అప్పటికి ఇంకా బయటికే రాలేదు. ఇంట్లో మూడు పిల్లులుంటే మూడింటికీ, మూడు నెలలూ వేయాలని నేను చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసేవాణ్ని. "సరే సార్" అని మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు. కార్తీకంలో అదే సంచి, అదే పిల్లి, మళ్లీ వరస చివర్లో.