యాసిడ్ కొరికిన వంతెన

జోసెఫ్ పెన్నెల్ ఎచింగుల్లో న్యూయార్క్ చాలాసార్లు తారుమారుగా ఉంటుంది. రాగి రేకు మీద గీసింది కాగితం మీదికి కుడిఎడమలు మారి దిగుతుంది కాబట్టి, జాగ్రత్తపరులు ముందే తిప్పి గీస్తారు. పెన్నెల్ ఆ తంటా పెట్టుకోలేదు. రేకు పట్టుకుని వీధిలో నిలబడి, ఎదుట ఉన్నది ఉన్నట్టే గీకేవాడు. ఆయన ఆరాధించిన చిత్రకారుడు విస్లర్‌దీ అదే తీరు. దారి వెతుక్కునేవాళ్లకు ఇబ్బందే గానీ, గీతలోని చురుకు మాత్రం అలా గీస్తేనే దక్కుతుంది.

1857లో ఫిలడెల్ఫియాలో పుట్టిన పెన్నెల్, లండన్‌లో చాలా ఏళ్లు గడిపి, చివరికి బ్రూక్లిన్‌లోని హోటల్ మార్గరెట్‌లో మకాం పెట్టాడు. 1926లో పోయేదాకా కిటికీలోంచి కనిపించే నదినీ, ఓడలనూ, వంతెననూ గీస్తూనే ఉన్నాడు.

1883లో తెరిచిన ఆ బ్రూక్లిన్ వంతెనకు నాలుగు లావాటి కేబుళ్లు. ఒక్కోదాంట్లో ఐదు వేలకు పైగా ఉక్కు తీగలు. రేకు మీద కేబుల్‌కి ఒక గీత దక్కితే గొప్ప. మరి దగ్గరిదేదో, దూరందేదో తెలిసేదెలా?

యాసిడ్ చెబుతుంది. మైనం, తారు కలిపిన పూతను సూది గీకిన చోటల్లా రాగి బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ముంచితే ఆ గీతల వెంట బుడగలు లేస్తాయి. ఈకతో వాటిని తుడుస్తూ ఉండాలి. ఆవలి ఒడ్డుకు కాసేపు చాలు. రేకు తీసి, ఆ భాగానికి వార్నిష్ పూసి, రాతి స్తంభాన్నీ వంతెన కింది చీకటినీ మళ్లీ ముంచాలి. ఎక్కువసేపు నానిన గీత లోతుగా దిగి, సిరా ఎక్కువ పట్టి, నల్లగా ముందుకొస్తుంది.

నీళ్ల దగ్గరే అసలు పరీక్ష. చేయి తిరగనివాడు అలలన్నీ గీసి నదిని దున్నిన చేను చేస్తాడు. తెలిసినవాడు రెండు మూడు గీతలతో ఆగి, మిగతాది తుడుపుకి వదిలేస్తాడు. సిరా పూసిన రేకును పల్చటి గుడ్డతో, ఆఖర్న అరచేత్తో తుడుస్తారు. శుభ్రంగా తుడిస్తే నది మీద మిట్టమధ్యాహ్నం. పల్చని పొర ఉంచితే మునిమాపు. 1879–80లో వెనిస్‌లో చెక్కిన రేకులను విస్లర్ ఇలాగే తన చేత్తో తుడిచి అచ్చు తీసేవాడు. అందుకే ఒకే రేకు నుంచి వచ్చిన రెండు ప్రతులు ఒకేలా ఉండవు.

మెదక్ ప్రాంతపు నిజాంపూర్ నుంచి వెళ్లి చిత్రకారుడు లక్ష్మా గౌడ్ బరోడాలో నేర్చుకున్నదీ ఈ ముద్రణ విద్యే. ఆయన సూది పల్లె మనుషుల మీదికి, మేకల మీదికి పోయింది. అయినా గీయాలంటే మనకు వంతెనలకేం కొదవ? గోదావరి మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన రాజమండ్రిలో ఇంకా నిలిచే ఉంది. ఎత్తు తక్కువ, పొడవు రెండున్నర కిలోమీటర్ల పైమాటే. దానికి అడ్డంగా సాగిన రేకు కావాలి. అందులో ముప్పాతిక నీళ్లే!