నల్లపిల్లి తొలి అడుగు

1919 నవంబరులో అమెరికాలో విడుదలైన మూకీ హాస్య కార్టూన్ చిత్రం 'ఫీలైన్ ఫాలీస్'. అనంతరకాలంలో ఫెలిక్స్‌గా ప్రఖ్యాతి గాంచిన నల్లపిల్లి ఇందులో 'మాస్టర్ టామ్' అనే పేరుతో తొలిసారి తెరపై కనిపిస్తుంది. అది ప్రియురాలి చెంత ఉండగా ఎలుకలు ఇంటిని కొల్లగొట్టడం, ఫలితంగా పిల్లి వీధిపాలు కావడం ఇందలి ఇతివృత్తం. కథ సామాన్యమే. కాని సంగీత స్వరచిహ్నాలు బండ్లుగా మారే ఘట్టం రేఖకు మాత్రమే సాధ్యమైన హాస్యం.

చిత్రంపై నిలిచినది స్టూడియో అధిపతి పాట్ సలివన్ పేరు. పాత్రను సృజించినది చిత్రకారుడు ఒట్టో మెస్మర్ అని పలువురు చరిత్రకారుల నిర్ణయం. ఈ వివాదం నేటికీ పూర్తిగా సమసిపోలేదు.

మన తోలుబొమ్మలాట చూసినవారు కేతిగాడిని మరువరు; వానిని ఆడించిన కళాకారుల పేర్లు మాత్రం స్మరించేవారు అరుదు. నవ్వించిన బొమ్మతోపాటు గీసిన చేతిని కూడ గుర్తించడం విమర్శకు విధి.