పురి తప్పని గొంతు

పొందూరులో మధ్యాహ్నమంటే రాట్నాల చప్పుడు. అన్నాలయ్యాక ఆడవాళ్లంతా మా వసారాలో చేరేవారు. ఒకరు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతుంటే, ఇంకొకరు ఏకులు చుట్టి అరటి డొప్పలో సర్దుతుండేవారు. మిగిలినవారు కదుళ్ల ముందు. గూట్లో ట్రాన్సిస్టర్ ఉండేది. డెబ్భైల నాటి మాట ఇది. విశాఖపట్నం కేంద్రంలో సినిమా పాటల వేళ అయిందంటే కబుర్లు ఆగిపోయేవి, రాట్నాలు మాత్రం ఆగేవి కావు. పాటకి ముందు సినిమా పేరు, రాసినవారి పేరు, పాడినవారి పేరు చదివేవారు. అలా చదివిన పేర్లన్నింట్లో నన్ను పట్టేసుకున్నది ఒక్కటే. పి. సుశీల.

ఆవిడ ఎలా ఉంటారో ఎవరికీ తెలీదు. సావిత్రి ఫొటో క్యాలెండర్ మీద ఉండేది, వాణిశ్రీ ముడి మా అప్ప కూడా వేసుకునేది. సుశీలకి మాత్రం మా ఊళ్లో రూపం లేదు. ఇప్పటి పిల్లలు తమ అభిమాన గాయకుణ్ణి నిద్ర లేస్తూనే ఫోనులో చూసుకుంటారు. మేం ఉత్త గొంతుని ప్రేమించాం. ఆ ప్రేమకి చెవి తప్ప వేరే ఆధారం లేదు గనక చెవి పదునెక్కింది. ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఏ అక్షరం మీద కాస్త నవ్వింది, ఏ మాట చివర గొంతు సన్నగా వణికింది, అన్నీ గుర్తుండిపోయేవి.

ఆ పదునుకి మొదటి పరీక్ష లవకుశ. 1963లో వచ్చిన ఆ సినిమా పాటలు శ్రీరామనవమి పందిట్లో మైకు పెట్టారంటే చాలు, మోగాల్సిందే. కుశలవుల పాటల్ని పి. లీల, సుశీల కలిసి పాడారు. ఘంటసాల స్వరకల్పన. పందిరి గుంజకి ఆనుకుని ఆ రెండు గొంతుల్నీ విడదీయడం నా ఆట. లీల గొంతుది నిండుదనం, అది పాటకి నేల పరిచేది. సుశీలది ఆ నేల మీద గీసిన ముగ్గు గీత. ఒకటి ఆగినచోట రెండోది అందుకున్నా అతుకు కనిపించేది కాదు. ఎవరు ఎవరో తేల్చుకున్న రోజు పండగ పూట పానకం కూడా అక్కర్లేకపోయింది.

అసలు వెర్రి మూగమనసులుతో పట్టింది. ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ సినిమా వచ్చింది 1964లో. టూరింగ్ టాకీసు పుణ్యమా అని నేను చాలా ఏళ్ల తరవాత చూశాను. తెర మీద అక్కినేని కనిపించగానే ఊరివాళ్లకి కాస్త గర్వం, మా పొందూరు పంచెలంటే ఆయనకి ఎంత మక్కువో అందరికీ తెలుసు కదా. నా ధ్యాస మాత్రం వేరు. ఆ కథలో ఇద్దరు ఆడవాళ్లు. జమున వేసిన గౌరి పల్లెటూరి పిల్ల, సావిత్రి వేసిన రాధ జమీందారు గారి అమ్మాయి. మాట వేరు, నడక వేరు, గుండెలో బాధ వేరు. ఇద్దరూ పాడేది ఒక్క గొంతుతోనే! ఆ సంగతి చెవిన పడ్డ క్షణం నా ఒళ్లు జలదరించింది.

గోదారి గట్టు మీద గౌరి పాడే పాట వినండి. గట్టు మీంచి చెట్టుకీ, చెట్టు మీంచి పిట్టకీ, పిట్ట నుంచి మనసుకీ ఎగిరే పాట అది. అందులో 'చ' పలకాల్సిన చోట సుశీల 'స' అంటారు, అచ్చం మా వీధిలో అన్నట్టే. ఎక్కడా వెక్కిరింపు లేదు, పల్లె యాసని చూపించుకోవాలనే ఆత్రమూ లేదు. ఆ 'స' ఆవిడ నోట్లో పుట్టి పెరిగినట్టే ఉంటుంది. మాట చివర్లని విదిలించి వదిలేస్తారు. ఆ విదిలింపులోనే గౌరి కొంటెతనమంతా ఉంది, తనని తాను దాచుకోలేని అమాయకత్వమూ ఉంది. అదే మనిషి ఘంటసాల పక్కన రాధగా పాడేటప్పుడు మాట చివర్లని విదిలించరు, పట్టి ఉంచుతారు. ఊపిరి కనిపించదు. చదువుకున్న పిల్ల అణకువ, చెప్పుకోలేని ఆశ, రెండూ ఆ పట్టులో వినిపిస్తాయి. స్వరాలు కట్టింది మహదేవన్. రెండు మనసుల్ని విడదీసింది మాత్రం సుశీల ఉచ్చారణే.

మా మామ్మ వంద నంబరు నూలు తీసిన చెయ్యి. పాటల గురించి ఆవిడ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. ఒకనాడు మాత్రం రాట్నం తిప్పుతూనే అంది: "ఈ గుంటకి గొంతులో పురి సరిగ్గా పడింది. తక్కువయితే నూలు ఇడిపోతాది, ఎక్కువయితే మెలిపడి తెగిపోతాది." సుశీల మీద చాలామంది పెద్దలు రాసింది చదివాను. అంతకు మించిన విమర్శ నాకు తారసపడలేదు. గమకం కావాల్సినంతే వేస్తారు. ఏడుపు పాటలోనూ గొంతు పూడుకుపోదు, మాట నలగదు. పైస్థాయికి వెళ్లినా కింద ఉన్న సన్నదనమే, కింద ఉన్న మెరుపే. కష్టం ఎక్కడా బయటికి రాదు. విద్య పాటని మింగెయ్యకుండా కాసుకోవడమే ఆవిడ విద్య.

ఆ విద్య ఎక్కడిదో తెలిశాక ఆవిడ మరీ మా మనిషైపోయారు. పొందూరులో రైలెక్కితే చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటగానే విజయనగరం. సుశీల 1935లో పుట్టింది అక్కడే. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలోనే ఆవిడ చదువు. అప్పుడు అక్కడ పెద్ద దిక్కు వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల కూడా అంతకుముందు ఆ కళాశాల గడప తొక్కినవారే. వాళ్లిద్దరి యుగళగీతాల్లో వినిపించే సఖ్యత వెనక ఆ విజయనగరం పాఠం ఉందనే నా నమ్మకం. సుశీల గొంతులోని తెగని గీతలో ద్వారం వారి కమాను జాడ కూడా నాకు వినిపిస్తుంది.

తరవాతి సంగతులు లోకానికి తెలిసినవే. నేపథ్య గాయనికి జాతీయ పురస్కారం ఇవ్వడం మొదలైనప్పుడు, 1968 సంవత్సరానికి, దాన్ని అందుకున్న మొదటి గాయని ఆవిడే. అది ఒక తమిళ పాటకి. తెలుగులో సిరిసిరిమువ్వ, మేఘసందేశం, ఎమ్మెల్యే ఏడుకొండలు సినిమాలకి వచ్చాయి. 2008లో పద్మభూషణ్. 2016లో 17,695 పాటలతో గిన్నిస్ పుస్తకంలో పేరు. ఇంత పెద్ద లెక్క చూస్తే గౌరవం కలుగుతుంది గానీ, నాకు సుశీల దొరికింది ఆ లెక్కలో కాదు. ఒక్క 'స'లో, పట్టి ఉంచిన ఒక్క మాట చివర్లో దొరికారు.

వీలు చేసుకుని మూగమనసులు పాటలు పెట్టుకోండి. ముందు గౌరి పాట, వెంటనే రాధ పాట. బొమ్మ చూడకండి, విని చూడండి.