దిక్కు తెలియని ధ్వని

చిత్తూరు జిల్లా నగరిలో మరమగ్గాలు ఆడే వీధిలో నిలబడిన మనిషి ఆ చప్పుడు ఏ ఇంటి నుంచి వస్తున్నదో చెప్పలేడు. ప్రతి మగ్గమూ తన వేగంతో తాను ఆడుతూ ఒకదాని దెబ్బకూ మరొకదాని దెబ్బకూ పొంతన లేకపోవడం వల్లా, గోడలూ కప్పులూ దాన్ని పదేపదే తిప్పికొట్టడం వల్లా, చప్పుడు అన్ని వైపుల నుంచీ దాదాపు సమానంగా చెవిని చేరుతుంది. ఇలా దిక్కు లేకుండా పరుచుకొన్న దానిని పరివ్యాప్త ధ్వని అనవచ్చు. వాన, జనసమ్మర్దపు రొద, పెద్ద మంటపంలో పాట ఆగాక మిగిలే ప్రతినాదం ఈ కోవకే చెందుతాయి.

పక్క నుంచి వచ్చిన ధ్వని దూరపు చెవిని మిల్లీసెకనులోపు ఆలస్యంతో, కాస్త బలహీనంగా చేరుతుంది. ఆ తేడా నిలకడగా ఉంటే దిక్కు తెలుస్తుంది. క్షణక్షణం మారుతూ రెండు చెవులకందే తరంగాల పోలిక సన్నగిల్లితే, ధ్వని వెడల్పై, చివరకు శ్రోతను చుట్టుముట్టినట్టు తోస్తుంది. మంద్రధ్వనుల విషయం వేరు: వాటి తరంగాలు తల వెడల్పు కన్నా చాలా పొడవైనవి కనుక, ఎంత పరివ్యాప్తమైనా రెండు చెవుల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ధ్వని చుట్టుముట్టినట్టు తోచే ఈ అనుభూతికి స్పీకర్లు ఎక్కువైతే చాలుననుకోవడం పొరపాటని, చిత్తూరు ప్రాంతపు ధర్మరాజుల గుళ్లలో మహాభారత కథను చెప్పి ఆడే ‘భారతం’ ఉత్సవమే చూపుతుంది. పగటి హరికథనూ రాత్రి వీధినాటకాన్నీ వినిపించే మైకుసెట్టులో గొట్టాలన్నీ ఒకే గొంతును పలుకుతాయి. శ్రోతకు మాత్రం అది దగ్గరి గొట్టం నుంచే వస్తున్నట్టుంటుంది, ఎందుకంటే ముందు చేరిన ధ్వనికే చెవి పెద్దపీట వేస్తుంది. 5 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యమైన రెండో ధ్వని, మొదటిదాని కన్నా 10 డెసిబెల్‌ల వరకు బిగ్గరగా ఉన్నా, విడిగా వినిపించదని హెల్ముట్ హాస్ 1951లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. దూరపు గొట్టం మరో 34 మీటర్లు అవతల ఉంటే ఆలస్యం 100 మిల్లీసెకన్లకు చేరి మాట రెండుసార్లు పలికినట్టవుతుంది. కథ స్పష్టంగా వినబడితే చాలుననుకొనే హరికథకు చుట్టుముట్టే ధ్వని లేకపోవడం లోటేమీ కాదు.

ధ్వని చుట్టుముట్టాలంటే మాత్రం కావలసింది స్పీకర్లు పలికే ధ్వనుల మధ్య పొంతన లేకపోవడం. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పరిశోధకులు 2002లో వృత్తాకారంగా 24 స్పీకర్లు అమర్చి, పరస్పర సంబంధం లేని రొదను వినిపించి, సమాన దూరాల్లో ఆరింటిని మాత్రమే ఉంచినా దాదాపు అదే అనుభూతి కలుగుతుందని చూపారు. ఇది వృత్తం మధ్యనున్న శ్రోతకు వర్తించే మాట. అంచుకు జరిగితే దగ్గరి స్పీకరు పైచేయి సాధిస్తుంది.

ఒకే మైకుతో పట్టిన ధ్వనిని అనేక స్పీకర్లకు పంచేటప్పుడు ఇంజనీర్లు ఒక్కో స్పీకరుకు తరంగాల దశను ఒక్కో తీరున మార్చి పొంతన చెడగొడతారు. వానకు ఇది చక్కగా నప్పుతుంది గాని, మద్దెల దెబ్బ మాత్రం పదును కోల్పోయి అలుక్కుపోతుంది. అందుకే ఫిన్లాండ్ పరిశోధకుడు విల్లె పుల్కి రూపొందించిన పద్ధతి ముందుగా దిక్కున్న ధ్వనినీ దిక్కులేని ధ్వనినీ వేరుచేసి, రెండోదానికే ఈ మార్పును వర్తింపజేస్తుంది. భారతాన్ని అలా వినిపిస్తే భాగవతుడి గొంతూ మద్దెలా వేదిక వైపునే నిలుస్తాయి, జనం రొద మాత్రమే చుట్టూ పరుచుకొంటుంది. మగ్గాల వీధిని పట్టదలిస్తే మాత్రం ఇంత తంటా అక్కరలేదు. మైకులను కొన్ని మీటర్ల ఎడంగా పెడితే, కొంత పై స్థాయి ధ్వనుల్లోనైనా, ఆ పొంతనలేమి దానంతటదే రికార్డవుతుంది.