గంటల లెక్కన మిడ్‌ఫీల్డర్ తయారవడు

టోలిచౌకి, షేక్‌పేట వైపు రాత్రి పదింటికి వెళ్తే అపార్టుమెంట్ల మధ్య ఖాళీ జాగాలో ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ నైలాన్ వల, నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు కనబడతాయి. లోపల అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చిన కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు, పారమౌంట్ కాలనీ పరిసరాల్లో అద్దెకుండే ఆఫ్రికా, యెమెన్ విద్యార్థులు. బంతి బయటికి పోయే పనే లేదు. వలకు తగిలి మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది. గంట నిండకముందే తర్వాతి జట్టు గేటు దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటూ ఉంటుంది. హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ తిరిగొచ్చిందనడానికి ఇదే రుజువంటున్నారు. ఆట తిరిగొచ్చిన మాట నిజమే, సంతోషమే. కానీ ఆటను బతుకుతెరువుగా ఎంచుకునే పిల్లాడికి, అందులోనూ మిడ్‌ఫీల్డర్ కావాలనుకునేవాడికి, ఇది సరిపోదని నా వాదన. వాడికి కావలసింది పెద్ద మైదానం, వారం వారం మ్యాచి, నాలుగేళ్లు వదలకుండా పట్టుకునే సంస్థ. ఈ మూడింటినీ గంటల లెక్కన అద్దెకు తెచ్చుకోలేం.

ఎందుకో తెలియాలంటే ఆ స్థానంలో చేసే పనేమిటో చూడాలి. గోల్‌కీపర్‌కు ఆటంతా కళ్లెదుటే జరుగుతుంది. మిడ్‌ఫీల్డర్‌కు నాలుగు దిక్కులా మనుషులే. వెనకనున్న డిఫెండర్ బంతిని తన్నాక అది ఇతని కాలికి చేరేలోపు ఉండేది ఒకటి రెండు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో భుజం మీంచి వెనక్కి ఒక చూపు, ఎడమకు ఒక చూపు. ఎవడు మీదికొస్తున్నాడు, ఎక్కడ ఖాళీ ఉందో పసిగట్టి, బంతి తగలకముందే నడుము తిప్పి నిలబడాలి. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల తల కదలికలను లెక్కపెట్టాడు. ఎక్కువసార్లు చుట్టూ చూసేవాళ్ల పాస్‌లే ఎక్కువగా గురి తప్పకుండా చేరుతున్నాయని తేలింది. ఆ లెక్కలో ముందున్న ఫ్రాంక్ లాంపార్డ్ బంతి అందుకోబోయే ముందు సెకనుకు 0.62 సార్లు చుట్టూ చూసేవాడు. ఈ అలవాటు చోటును బట్టి పెరుగుతుంది. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 22 మంది ఆడితే తలా 324 చదరపు మీటర్లు వస్తాయి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఆడే ఫుట్సాల్‌కు 40 మీటర్లు, 20 మీటర్ల కోర్టు. అందులో పదిమంది ఆడితే తలా 80. పెట్టెలాంటి చోట అందరూ కంటిముందే ఉంటారు, వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం అంతగా రాదు. నలభై మీటర్ల అవతల పరుగెడుతున్న వింగర్‌ను గమనించే కన్ను అక్కడ అలవడదు. ఎనభయ్యో నిమిషంలో కాళ్లు బరువెక్కాక కూడా బుర్ర పనిచేయించడం అసలే రాదు.

దీనికి గట్టి ఎదురువాదమే ఉంది. బ్రెజిల్ వాళ్లు ఫుట్సాల్ ఆడే కదా అంత వాళ్లయ్యారు, ఇరుకులో ఆడితేనే కాలికి పదును వస్తుంది కదా అంటారు. ఒప్పుకోవాల్సిందే. మన ఊరి సయ్యద్ అబ్దుల్ రహీమ్ కూడా అటువంటి కట్టుబాట్లతోనే శిక్షణ ఇచ్చారు. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టారు. వాటం లేని కాలితోనే ఆడాలని టోర్నమెంట్లు నడిపారు. అయితే అవి రహీమ్‌కు మెట్లు మాత్రమే. అలా పదునెక్కిన కుర్రాడు ఆ తర్వాత పదకొండుమంది జట్టులో, పూర్తి మైదానంలో, గెలుపోటముల లెక్కలున్న మ్యాచిలో దిగేవాడు. బ్రెజిల్‌లోనూ ఫుట్సాల్ పిల్లాణ్ని క్లబ్బు పెద్ద మైదానానికి పంపుతుంది. ఇక్కడ లోటు మొదటి మెట్టులో లేదు, రెండో మెట్టు లేకపోవడంలో ఉంది.

రెండో మెట్టు ఒకప్పుడు మనకు ఉండేది. రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం దాకా నడిపించిందీ ఆయనే. సిటీ పోలీస్ హాఫ్ బ్యాక్ (ఇవాళ్టి మాటలో మిడ్‌ఫీల్డర్) నూర్ మహమ్మద్ 1952, 1956 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఉన్నారు. రహీమ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ మిడ్‌ఫీల్డరే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులోకి వచ్చారు, కోచ్ తండ్రే, అయినా ఒక్క మ్యాచిలోనూ దిగలేదు. ఇరవై ఒక్కేళ్ల వయసులో బెంచీ మీదే ఒలింపిక్స్ అయిపోతే చాలామంది కెరీర్ అక్కడే ముగుస్తుంది. హకీమ్‌కు వైమానిక దళంలో ఉద్యోగం, ఆడటానికి సర్వీసెస్ జట్టు ఉన్నాయి. తర్వాత కోచ్ అయ్యారు, ఫిఫా రెఫరీగా 1988 ఆసియా కప్‌లో విజిల్ పట్టారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021లో కన్నుమూశారు. ఆడే అవకాశం రాని కాలంలో నిలబెట్టే ఆధారం ఉండబట్టే ఆ జీవితమంతా ఆటలోనే సాగింది.

ఎలాగూ ప్రతిభ ఉన్నవాడు ఊరు వదిలిపోతాడు, ఇక్కడ ఏముంటే ఏమని కొందరంటారు. పోయినవాళ్లున్నారు. తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, మహమ్మద్ హబీబ్ కలకత్తాలోనే పేరు తెచ్చుకున్నారు. కానీ బలరామ్ 1956 ఒలింపిక్స్ ఆడాకే కలకత్తా చేరారు. పండాక కోసిన కాయ అది. ఇవాళ పిందెగానే తెంపి పంపుతున్నాం. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య కేరళ, క్రొయేషియా, కోల్‌కతా క్లబ్బుల్లో రాణించి దేశానికి ఆడింది. ఆమె పట్టుదలకు దండం పెట్టాలి, మన ఏర్పాట్లకు కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రాత్రిని తలుచుకుంటే గుర్తొచ్చే పేర్లు గోవా గోల్‌కీపర్ కట్టిమణి, 88వ నిమిషంలో స్కోరు సమం చేసిన గోవా మిడ్‌ఫీల్డర్ సాహిల్ తవోరా, ఆఖరి పెనాల్టీ కొట్టిన అస్సాం కుర్రాడు నర్జారీ. వాళ్ల తప్పేమీ లేదు, క్లబ్బన్నాక ఎక్కడివాళ్లయినా ఆడతారు. కాకపోతే ఊళ్లో వేళ్లూనని ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోతే ఆపేవాళ్లు లేకపోయారు. ఐ-లీగ్‌లో రాణించిన శ్రీనిధి డెక్కన్ అజీజ్‌నగర్‌లో సొంత మైదానం కట్టుకుంది. ఉండాల్సింది అటువంటివే, కానీ ఇంత పెద్ద ఊరికి ఒక్కటి ఏ మూలకు?

ఇక తల్లిదండ్రుల మాట: ముప్పై అయిదుకు ముగిసే ఆటను నమ్ముకుని చదువు పాడుచేసుకోవాలా? న్యాయమైన ప్రశ్నే. పూర్వం దానికి జవాబు పోలీసు ఉద్యోగం. ఆ రోజులు అలాగే తిరిగిరావు. కనీసం స్కూలు, కాలేజీ మైదానాల్లో ఏడాది పొడవునా లీగ్ నడిపితే చదువూ ఆటా కలిసి సాగుతాయి. మైదానాలనే కాదు, మన కథలనూ మనం పట్టించుకోలేదు. రహీమ్ కథతో 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా. టోలిచౌకికి కూతవేటు దూరంలో ఉన్న ఫిల్మ్ నగర్‌కు ఆ కథ దొరకలేదు. సినిమా ఎవరు తీసినా ఫరవాలేదు, మైదానం మాత్రం మనమే చూసుకోవాలి. కొడుకునో కూతురినో అకాడమీలో చేర్పించడానికి వెళ్లినప్పుడు జెర్సీ రంగు, కోచ్ సర్టిఫికెట్లు, గంటకు ఫీజు తర్వాత అడుగుదాం. పదకొండుమందితో, పూర్తి మైదానంలో, తొంభై నిమిషాల మ్యాచీలు ఏడాదికి ఎన్ని ఆడిస్తారని ముందు అడుగుదాం. అంకె చెప్పలేక నీళ్లు నమిలే చోట పిల్లలకు సరదా దొరుకుతుంది, మిడ్‌ఫీల్డర్ మాత్రం దొరకడు.