అతుకు కనపడని పని

కత్తి కాంతారావు సొంతూరు కోదాడ దగ్గరి గుడిబండ. ఆయన హీరోగా 1965లో వచ్చిన దర్శకుడు విఠలాచార్య ‘జ్వాలాద్వీప రహస్యం’ నాటికి మాయలు ఎక్కువగా కెమెరాలోనే చేసేవారు. రెండు దృశ్యాలను ఒకే ఫ్రేములో అతికే మాస్క్ షాట్ తీయాలంటే లెన్స్ సగం మూసి ఒకసారి, రీలు వెనక్కి తిప్పి మిగతా సగం మూసి ఇంకోసారి తీసేవారు. ఈలోగా కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడేది.

ఇప్పుడు ఆయన సొంతూరి చుట్టుపక్కల సూర్యాపేటలోనైనా, మిర్యాలగూడలోనైనా పెళ్లి తీసే కెమెరా కుదుపు తెలియనివ్వని గింబల్ మీద తేలుతూ మండపమంతా తిరుగుతుంది. అయినా వధూవరుల పేర్లు గాల్లో కట్టిన తోరణంలా ఉన్నచోటే నిలబడాలి. 2012లో వీడియో సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి వచ్చిన త్రీడీ కెమెరా ట్రాకర్ చేసే పని ఇదే. స్తంభం అంచు, తివాచీ మీది పువ్వు, పూలదండ కొస లాంటి గుర్తులను ఎంచుకుని ఫ్రేము వెంట ఫ్రేము వాటినే వెంబడిస్తుంది. దగ్గరివి ఎక్కువ జరుగుతాయి, దూరానివి తక్కువ. ఆ తేడాను బట్టి కెమెరా ఏ క్షణాన ఎక్కడుందో లెక్కగడుతుంది. విఠలాచార్య రోజుల్లో కెమెరాను కట్టిపడేసి చేసిన పనిని, కెమెరా ఎటు పోయిందో కనిపెట్టి చేయడమన్నమాట. నా దృష్టిలో ఇది గొప్ప పనితనం.

తెల్లగోడ ఎదురైతే మాత్రం ట్రాకర్‌కు పట్టు దొరకదు. రాలే అక్షింతలను, నడిచే బంధువులను మండపంలో భాగమనుకుంటే పేర్లు జారిపోతాయి. అలాంటి గుర్తులను మనిషే ఏరిపారేయాలి. అసలు పరీక్ష అక్షరాల ముందు నుంచి ఎవరైనా నడిచినప్పుడు. ఆ మనిషి రూపాన్ని చుట్టూ గీసి, అక్షరాలను వెనక్కి నెట్టాలి. సెకనుకు 25 ఫ్రేములు; మూడు సెకన్లు నడిస్తే 75 చోట్ల జడ, భుజం, చీర కుచ్చిళ్లు సరిచూడాలి. మంచి ఎడిటర్ చెయ్యి ఇక్కడే తెలుస్తుంది.

ఫోన్ కెమెరా దృశ్యంలో బొమ్మలు నిలబెట్టే ఆగ్మెంటెడ్ రియాలిటీదీ ట్రాకర్ లెక్కే, కదలికను పసిగట్టే సెన్సర్లు అదనం. కాకపోతే దానికి వ్యవధి లేదు, అప్పటికప్పుడు తేల్చాలి. ఎడిటింగ్‌లో ముందు రాబోయే ఫ్రేములు కూడా చేతిలోనే ఉంటాయి.

హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో 2022లో మొదలైన వర్చువల్ ప్రొడక్షన్ వేదికపై, కెమెరా కదిలిన కొద్దీ వెనక ఎల్ఈడీ గోడ మీది దృశ్యమూ మారుతుంది. అంత హంగు మన పెళ్లి వీడియోల వారికి లేదు. ఈసారి పెళ్లి వీడియోలో పేర్లు గాల్లో తేలితే అక్షరాల అందం చూసి ఊరుకోకండి. వాటి ముందు నుంచి నడిచిన మనిషి అంచులు చూడండి.