ఊదను పట్టే చూపు

వెదికే చూపూ, నీకు మొక్కుతున్నాను.

శంకర్‌పల్లి పక్క ప్రొద్దుటూరులో, చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో, వరి నాటేసిన కొన్నాళ్లకు మునుం పట్టి వంగిన ఆడవాళ్ల కళ్లలో నువ్వుంటావు. పచ్చలోంచి పచ్చను ఏరుతావు. ఊద అనే కలుపూ వరీ ఒకే ఎత్తు, ఒకే నిలువు, ఒకే గాలికి ఒకే ఊపు. ఆకు కాడను అంటుకునే చోట వరికి సన్నని పొర ఉంటుంది, ఊదకు ఉండదు. అంత దగ్గరగా చూసే తీరిక కైకిలికి ఎక్కడిది? ఆకు వాలూ నిగారింపూ చాలు నీకు. ఇదీ అని నోరు అనేలోపే చేయి వేరుదాకా దిగి ఉంటుంది.

నిన్ను కొలిచినవాళ్లున్నారు. 1980లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలాడ్ రంగు అక్షరాలు పరిచి చూశారు. రంగు ఒక్కటే వేరైతే ఎన్ని అక్షరాలున్నా దొరకడానికి దాదాపు అంతే సమయం. రంగునూ ఆకారాన్నీ జోడించి వెదకాల్సివస్తే, ఒక్కో అక్షరం చేరేకొద్దీ మిల్లీసెకన్లు పెరిగాయి. ఆ పెరుగుదలే నీ కొలబద్ద. మనిషి మనిషికీ అది వేరు. ఉందని చెప్పడంకన్నా లేదని తేల్చడంలో అది దాదాపు రెట్టింపు. కలుపు లేదు, ముందుకు పదండి అనే మాట ఎంత బరువైనదో!

2005లో జెరెమీ వుల్ఫ్ బృందం మరొకటి చూపింది. వెదికేది సగం సార్లు ఎదురైనప్పుడు నూటికి 7 తప్పిపోతే, నూటికి ఒక్కసారే ఎదురైనప్పుడు, ఆ ఎదురైనవాటిలోనే నూటికి 30 తప్పిపోయాయి. అందుకే దాదాపు శుభ్రపడిన మడిలో మిగిలిన చివరి ఊదను పట్టినప్పుడే నువ్వు నాకు మరీ గొప్పగా కనిపిస్తావు.

వాళ్లకన్నా ముందే నిన్ను కొలిచింది ఊద. 2019లో చైనా యాంగ్జీ లోయ ఊదల జన్యువులు చదివినవాళ్లు, అది వరి వేషం కట్టి సుమారు వెయ్యేళ్లయిందన్నారు. ఆ వేషం దిద్దింది నువ్వే. నీకు చిక్కినవి గట్టు మీద ఎండాయి, నిన్ను దాటినవి విత్తనం రాల్చాయి. తరతరాలుగా నీ పదునుకు తగ్గట్టు అది మారింది, దాని మాయకు తగ్గట్టు నువ్వు పదునెక్కావు.

కైకిలి లెక్కలో మాత్రం నీకు చోటు లేదు. చురుకైన కంటికీ మందపు కంటికీ ఒకటే కూలి. ఆ కొలత పొలానికి తెలుసు. కోతకు ముందే ఊద వెన్ను వేసి, గింజ రాలుస్తుంది. ఏ మునుంలో ఎన్ని మిగిలాయో గట్టు మీద నిలబడి ఎవరైనా లెక్కపెట్టవచ్చు.